జ్వరం ముందా, మత్తు ముందా

జూన్ 3

అత్తా,

నిన్న రెండుసార్లు ఫోన్ చేశాను. మోగినా నీకు వినిపించదని తెలిసే చేశాను, ఉండబట్టలేక. ముప్ఫై ఒక్క ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడి చెవులు రెండూ ఆ మిల్లుకే ఇచ్చేసి వచ్చావు. పోనీ వినికిడి మిషనైనా పెట్టుకోమంటే దాన్ని సొరుగులో పడుకోబెట్టావు. ఇక మనకి కాగితమే గతి. ఒకందుకు నయమే, మధ్యలో నా మాటకి అడ్డు తగలవు.

మా పిడుగుకి కంటి ఆపరేషన్ ఈ నెల ఇరవై నాలుగున. ఎడమ కన్ను ముక్కు వైపు లాగేస్తోందని నీకు తెలుసు కదా. మెల్లకన్ను అదృష్టమని పక్కింటావిడ రోజూ అంటుంది. ఆ అదృష్టంతో మెట్టు ఎంత దూరంలో ఉందో అందక పిల్ల బొక్కబోర్లా పడుతోంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసే దాన్ని, నా పిల్ల కంటికి ఏ అద్దం పెట్టినా లాభం లేకపోయింది. ఏడాది పాటు మంచి కన్ను మూసేలా బిళ్ళ అంటించి చూశాం. ఇక ఆలస్యం చేస్తే ఆ కన్ను చెప్పేది మెదడు వినడం మానేస్తుందని కళ్ళ డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు.

అసలు సంగతికి వస్తాను. కోసేది ఆయనే అయినా, పిల్లని నిద్రపుచ్చి, పక్కనే కాపలా కూర్చుని, మళ్ళీ లేపేది మత్తు డాక్టరమ్మ. మొన్న ఆవిడ దగ్గర కూర్చున్నాం. జలుబుందా, ఆయాసం ఉందా, పళ్ళేమైనా కదులుతున్నాయా అని అడిగింది. ఆ తర్వాత, "మీ ఇంట్లో మత్తు ఎవరికైనా పడదా?" అంది. ఎవరూ లేరన్నాను. "చిన్నతనంలో పోయినవాళ్ళు?" అంది. మా చిన్నాన్న ఏడేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయాడట, నేనింకా పుట్టలేదు అన్నాను. "ఎక్కడ?" ఆసుపత్రిలో, గొంతులో టాన్సిల్స్ తీయించడానికి తీసుకెళితే. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "జ్వరం ముందా, మత్తు ముందా?" అని అడిగింది. నీకు రాసి కనుక్కుంటానన్నాను.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఇక ఆ సంగతి తెలిసింది నీకొక్కదానికే. వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడని నాన్న అనేవాడు. చిన్నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళింది నువ్వేనట కదా. వెంటనే జవాబు రాయి.

నీ
అమ్మడు


జూన్ 8

అమ్మడూ,

నీ ఉత్తరం చేరింది. ఈ మధ్య పోస్టుమాన్ తలుపు కొట్టడం మానేశాడు. కొట్టీ కొట్టీ చేయి నొప్పి పుట్టిందేమో, కిటికీలోంచి లోపలికి విసిరేస్తున్నాడు. చెవిటిదాని ముందు శంఖం ఎంతకని ఊదుతాడు పాపం. నీ ఉత్తరం సరాసరి పాలగిన్నెలో పడింది, అందుకే రెండో పేజీ సగం ఊహించి చదివాను.

మన ఇంట్లో మత్తు పడనివాళ్ళెవరని అడిగావు. మీ తాతకి బాగానే పడేది, రోజూ సాయంత్రం ఆరింటికల్లా. పడనిది మా అమ్మకి. ఆ గొడవల్లోనే మేం ముగ్గురం పెరిగాం. ఇదంతా డాక్టర్లకి ఎందుకు? ఐదేళ్ళ పిల్ల కంటికీ మీ తాత సీసాకీ ఏమిటి సంబంధం?

పై వాటాలోకి కొత్తగా ఒక టైలరు వచ్చాడు. మిషను తొక్కుతుంటే నా గోడ వణుకుతుంది. వినబడకపోయినా అరచేతికి తెలుస్తుంది, కుట్టు తప్పితే కూడా తెలుస్తుంది. నిన్న వెళ్ళి "నీ మిషను బెల్టు వదులైంది" అన్నాను. హడలిపోయాడు.

పిల్లకి చల్లటివి పెట్టకు. ఆ రోజు తలకి నూనె రాయకు. అల్లుణ్ణి సెలవు పెట్టమను.

చిన్నోడి సంగతి ఇప్పుడెందుకు? జ్వరమే. అందరికీ తెలిసిందే.

మీ అత్త


జూన్ 13

అత్తా,

టైలరు బెల్టు గురించి రాశావు. నేనడిగింది తప్ప అన్నీ రాశావు.

మత్తంటే తాతగారి సీసా కాదు. పెద్దవాళ్ళకైతే నరంలోకి సూదితో మందు ఎక్కిస్తారు. పిల్లలు సూది చూస్తే ఇల్లు పీకి పందిరేస్తారు కాబట్టి, ముక్కూ నోరూ కప్పే చిన్న తొడుగు పెట్టి, గాలిలో కలిపిన మందు పీల్చేలా చేస్తారు. నిమిషం తిరక్కముందే నిద్రపోతారు. ఎంత నిద్ర కావాలంటే అంత, మీట తిప్పి ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు. ఆపేశాక మందు పోయిన దారినే ఊపిరితో తిరిగి వచ్చేస్తుంది, పిల్ల లేచి కూర్చుంటుంది. ఇంత సుఖం ఉందా అనిపించింది వింటుంటే.

ఇబ్బందులు లేవా అని అడిగాను. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. వాంతులవుతాయి, కంటి ఆపరేషన్‌కి మరీనూ. వణుకు పుడుతుంది. ఊపిరి నెమ్మదిస్తుంది, రక్తపోటు తగ్గుతుంది, అందుకే తను పక్కనుంచి కదలదట. జలుబుతో ఉన్న పిల్లకైతే గొంతు బిగిసి కాసేపు ఊపిరాడకపోవచ్చు. కొందరు లేవగానే అరగంట సేపు తల్లినైనా గుర్తుపట్టకుండా తన్ని, రక్కి ఏడుస్తారు. తర్వాత వాళ్ళకేమీ గుర్తుండదు, తల్లికి ఉంటుంది. "ఇవన్నీ మేం రోజూ చూసేవే, చూసుకుంటాం. ఒక్కటి మాత్రం ఎక్కడో వేలల్లో ఒకరికి జరుగుతుంది, అది వంశంలో వస్తుంది. మాకు పిల్లని చూస్తే తెలియదు. ఇంట్లోవాళ్ళే చెప్పాలి" అంది. ఆ ఒక్కటీ జ్వరంతోనే బయటపడుతుందట.

అందుకని అత్తా, మొహమాటం లేకుండా అడుగుతున్నాను. ఆ రోజు నువ్వేం చేశావో, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. అది తెలిసేదాకా పిల్లని బల్ల ఎక్కించనని డాక్టరమ్మ తేదీ కొట్టేసింది. డిపోలో మీ అల్లుడితో పనిచేసే మెకానిక్కులందరూ తలో సలహా ఇస్తున్నారు. ఈయనేమో "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, ఇన్ని ప్రశ్నలు అడగని ఆసుపత్రికి పోదాం" అంటున్నాడు. నేను పోను. కానీ కన్ను ఆగదు, ఆయనా ఎన్నాళ్ళో ఆగడు.

అమ్మడు


జూన్ 17

నేనేం చేశానో కావాలా? రాస్తున్నాను. నేనే వాణ్ణి వానలో తడిపాను. నేనే చంపాను. చాలా?

మీ నాన్న చెప్పలేదని అనుకున్నాను. కూతురిదాకా వచ్చిందన్నమాట. మా అమ్మ పోయేదాకా వాన కురిసిన ప్రతిరోజూ నాకేసి చూడకుండా గోడవైపు తిరిగి కూర్చునేది. ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. పదిహేడేళ్ళకే మిల్లులో ఎందుకు చేరాననుకున్నావు, కూలికా? ఆ చప్పుడులో ఎవరి మాటా వినబడదని చేరాను. ఇప్పుడు నువ్వు కాగితం మీద మొదలెట్టావు. పుండు మీద కారం చల్లడానికి నాలుగు రోజుల ముందు పోస్టు చేయాలా?

పిల్లకి మంచి జరగాలి. నాకు ఇక రాయకు.


జూన్ 21

అత్తా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపినా సరే, ముందు చదివి చింపు.

నాది తప్పు. "నువ్వేం చేశావో" అని రాశాను. నా మనసులో ఉన్నది నువ్వేం చూశావో అని. కళ్ళజోళ్ళ పనిలో సగం గీత తేడా వస్తే అద్దం పారేస్తాం, ఉత్తరంలో మాట తేడా వస్తే చూసుకోలేదు. నాన్న నీ మీద ఒక్క నింద వేయలేదు. ఆయన పోయేముందు కూడా "చెల్లి పదహారేళ్ళకే అంతా ఒక్కతే చూసింది, ఆ రోజు నేను ఊళ్ళో లేకపోయాను" అని బాధపడ్డాడు. ఆ మాట నీకు చెప్పి ఉండాల్సింది. నీకు తెలుసనుకున్నాను.

వాన సంగతి నాకు అక్కర్లేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు చిన్నాన్న ఒళ్ళు వేడిగా ఉందా, లేదా? బయటికొచ్చాక ఎలా ఉన్నాడు? ఈ రెండే. మీ అల్లుడు వేరే ఆసుపత్రిలో సోమవారానికి తేదీ తీసుకొచ్చాడు. ఆ కాగితం నేను చించేశాను. ఇంట్లో మాటలు లేవు. పిడుగు మా ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తోంది, సగం సొంతంగా కల్పించి.

నువ్వు రాసేదాకా పిల్లని ఎవరి చేతుల్లోనూ పెట్టను. నేను మొండిదాన్నని నువ్వే అంటావు, ఎవరి పోలికో నీకే తెలుసు.

అమ్మడు


జూన్ 27

అమ్మడూ,

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాను. యాభై రెండేళ్ళుగా తడుముకుంటూనే ఉన్నాను కాబట్టి చేయి దానంతటదే పోయింది. కోపం పెట్టుకోకు.

మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇప్పుడు పిల్ల ప్రాణం అంటున్నావు. పడనీ.

అమ్మ అప్పుడు మంచం మీద ఉంది, నాన్న పని మానలేడు, మీ నాన్న పొరుగూళ్ళో. చిన్నోణ్ణి నేనే తీసుకెళ్ళాను. బస్సు దిగామో లేదో వాన. నేను ఒక కొట్టు చూరు కింద నిలబడ్డాను, వాడు నిలబడలేదు. గుంటలన్నీ వాడివే. తిట్టాను, నవ్వాడు, వాడి నవ్వు చూసి నేనూ వెళ్ళాను. ఇద్దరం ముద్దయి ఆసుపత్రికి చేరాం. నర్సు తిట్టి, పొడి బట్టలిచ్చింది. అది ముందురోజు సాయంత్రం.

తెల్లారాక నర్సు వాడి నాలుక కింద థర్మామీటరు పెట్టింది. పెట్టినంతసేపూ వాడు మాట్లాడబోవడం, నర్సు మూతి నొక్కడం. తీసి కిటికీ వెలుగులో చూసి, దులిపి, "లక్షణంగా ఉన్నాడు" అంది. నేను నుదురు పట్టుకు చూశాను, చల్లగా ఉంది. జ్వరం లేదు. అమ్మడూ, మళ్ళీ రాస్తున్నాను. జ్వరం లేదు. ముక్కు కూడా కారలేదు. తడిసింది ఇద్దరం, జలుబు చేసింది నాకు.

గదిలోకి వాడు నడుచుకుంటూనే వెళ్ళాడు. తలుపు వారగా నిలబడ్డాను. వాసన బాగాలేదని వాడు అరవడం వినబడింది, తర్వాత అరుపు ఆగిపోయింది. ఇంకాసేపటికి లోపల అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. ఆయాలు బకెట్లతో ఐసు మోసుకుంటూ పరిగెత్తారు. గొంతు ఆపరేషన్‌కి ఐసెందుకా అనుకున్నాను. నన్ను పిలిచేసరికి వాడి ఒళ్ళు పెనంలా కాలుతోంది. దవడలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోలేదు. చేతులు మడవబోతే మడత పడలేదు, కర్రలా ఉన్నాయి. కింద గుడ్డ మీద ఒంటేలు నల్లగా, డికాక్షన్ రంగులో. అదంతా చూశాను. మధ్యాహ్నానికి పోయాడు.

పెద్ద డాక్టరు మంచివాడే. ఆయనకీ ఏమీ అర్థం కాలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. "జ్వరం తలకెక్కింది. ముందు ఏమైనా తడిశాడా?" అన్నాడు. తడిశాడన్నాను. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయింది. తర్వాత నువ్వేం చూశావని ఎవరూ నన్ను అడగలేదు. ఏం జరిగిందో అందరూ నాకే చెప్పారు, నేనూ నమ్మాను.

నీ రెండు ప్రశ్నలకీ జవాబు రాశాను. ఇప్పుడు వెళ్ళి పడుకుంటాను.

అత్త


జూలై 3

అత్తా,

నీ ఉత్తరం చూసీ చూడగానే దుకాణంలో చెప్పి ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ నిలబడి చదివింది, మళ్ళీ కూర్చుని చదివింది. "మత్తు ముందు. జ్వరం తర్వాత. దవడ బిగుసుకోవడం, నల్లటి మూత్రం, అన్నీ చెప్పారు. నా విద్యార్థులు కూడా ఇంత వివరంగా రాయరు" అంది. కాగితం పిల్ల ఫైల్లో పెడతానంటే నకలు తీయించి ఇచ్చాను, అసలుది ఇవ్వబుద్ధి కాలేదు.

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతలో రాస్తాను. కొందరి కండకి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. మామూలు రోజుల్లో బయటపడదు, ఆడతారు, పాడతారు, పరిగెడతారు. ఆ మత్తు గాలి తగిలితే మాత్రం కండ బిగుసుకుని వదలదు. నూనె లేని బేరింగు పట్టేసి కాలిపోవడం నువ్వు మిల్లులో చూసే ఉంటావు, అలా ఒంట్లో కండలన్నీ ఒకేసారి కాలతాయి. అప్పట్లో దానికి మందు లేదు, చాలామంది డాక్టర్లకి ఆ పేరే తెలియదు. ఇప్పుడు మందుంది. మన వంశంలో అది ఉండి ఉండొచ్చని, వానకీ దీనికీ సంబంధం ఉండకపోవచ్చని నీకు రాయమంది.

పిడుగుకి గాలి మత్తు ఇవ్వరు. మిషనుకున్న గాలి మందు సీసాలు విప్పేసి, అందులో మిగిలింది పోయేలా చాలాసేపు ఉత్త ఆక్సిజన్ వదిలి, పొద్దున్నే మొదటి కేసుగా దీన్ని తీసుకుంటారు. మందంతా నరంలోకి సూదితోనే. పదిహేనో తేదీన. సూదంటే ఏం చేస్తుందోనని భయం, నాకు.

లోపం ఖచ్చితంగా ఉందా లేదా తేలాలంటే ఒక పరీక్ష ఉంది. తొడలోంచి కండ ముక్క తీసి, తాజాగా ఉండగానే చూడాలి. అది చేసేది ఒక్కచోటే, ఇక్కడినుంచి రెండు రైళ్ళు మారాలి. పిడుగుకి ఈ వయసులో చేయరు. అందుకని పిల్ల కోలుకున్నాక నేనే వెళ్తాను. ఈ వయసులో నిన్ను కదిలించే ఉద్దేశం లేదు.

మీ అల్లుడు నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. మర్నాడు నా టిఫిన్ డబ్బా తనే సర్దాడు. మాటలు వచ్చినట్టే.

నీ
అమ్మడు


జూలై 8

కోడలు పిల్లా,

ఈ వయసులో కదిలించనన్నావు. అరవై ఎనిమిదేళ్ళ దాన్ని ఎవరూ కదిలించనక్కర్లేదు, నేనే కదులుతాను. నువ్వు వాడి అన్న కూతురివి. నేను వాడి తోడబుట్టినదాన్ని. ఆ డాక్టరమ్మనే అడుగు, ఎవరి తొడ దగ్గరిదో. నీ కండలో ఏమీ లేదని తేలితే అది నీదాకా రాలేదనే తేలుతుంది, చిన్నోడి సంగతి తేలదు. నేనూ ఆలోచించగలను, చెవులే పోయాయి.

ఇంకొకటి. "ఉండి ఉండొచ్చు", "ఉండకపోవచ్చు" అని రాశావు. ఆవిడ మంచి మనసుతో చెప్పి ఉంటుంది. కానీ అమ్మడూ, యాభై రెండేళ్ళు మోసింది ఒక "ఉండొచ్చు"తో దిగదు. నాకు అవునో కాదో కావాలి. కాదని వస్తే వాన నాదే, ఇన్నాళ్ళూ మోసినట్టే మోస్తాను. మధ్యలో వేలాడటం నావల్ల కాదు.

పై వాటా టైలరు ఆ పరీక్ష చేసేచోటికి నా తరఫున ఫోన్ చేశాడు. తేదీ ఇచ్చారు, ఆగస్టు ఐదు. టికెట్లు కూడా వచ్చాయి. తోడు వస్తానంటున్నాడు, బెల్టు బాగు చేశానుగా. నువ్వు అడ్డు చెప్పాలనుకుంటే ఫోన్ చెయ్యి.

అత్త


జూలై 19

అత్తా,

అయిపోయింది. పిడుగు బాగుంది. ముందు అది చదువుకుని తర్వాత మిగతాది చదువు.

పొద్దున ఆరింటికి చేతి వెనక తిమ్మిరెక్కించే క్రీము రాసి, పైన అంటుకునే కాగితం వేశారు. గంట తర్వాత సూది గుచ్చుతుంటే పిల్ల తల అవతలికి తిప్పుకుని, డాక్టరమ్మ జడ ఎన్ని పాయలో లెక్కపెట్టింది. ఏడుస్తుందని నేను బిగబట్టుకు కూర్చున్నాను, ఏడ్చింది నేను. తెల్లటి పాలలాంటి మందు ఎక్కించారు. "అమ్మా, చెయ్యి మండు..." అంది, అంతే.

పెద్దాసుపత్రి నుంచి ఆ విరుగుడు మందు ముందే తెప్పించి పెట్టారు. ముప్ఫై ఆరు సీసాలు బల్లమీద వరసగా. ఒక్కో సీసాలో నీళ్ళు పోసి, పొడి కరిగేదాకా ఊపాలట, ఆపద వస్తే ఒక్క చేయి చాలదని ఇద్దరు నర్సులు ఆ పని కోసమే నిలబడ్డారు. గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, "ఒళ్ళు చల్లగా ఉంది" అంది. ఒక్క సీసా కూడా మూత తీయలేదు. మీ అల్లుడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. వేరే ఆసుపత్రి తేదీ తెచ్చిన చేతులు చూసుకుంటూ ఏడ్చాడు.

పిల్ల లేచి తన్నలేదు, రక్కలేదు, వాంతి చేసుకోలేదు. పక్క మంచం మీద గాలి మత్తు ఇచ్చిన పిల్లాడు వాళ్ళ నాన్న చొక్కా గుండీలన్నీ తెంపేసి, పావుగంట తర్వాత బిస్కట్ అడిగాడు. వాడూ బాగానే ఉన్నాడు. వాడికి అదే మంచి మందు, మన పిల్లకి ఇది. డాక్టరమ్మ ఇదే చెప్పింది, గాలిని తిట్టుకోవద్దని, లక్షల మంది పిల్లల్ని సూది నొప్పి లేకుండా నిద్రపుచ్చేది అదేనని.

కన్ను ఇంకా ఎర్రగా ఉంది, నిలబడింది మాత్రం తిన్నగా. బిళ్ళ ఇంకా కొన్ని నెలలు అంటించాలి. పరీక్షకి నేనూ వస్తానంటే నువ్వు ఒప్పుకోవని తెలుసు. అక్కడ అందరూ మూతికి గుడ్డ కట్టుకుంటారు అత్తా, నీకు పెదవులు కనబడవు. కాగితం, పెన్సిలు చేతిలో పెట్టుకో.

నీ
అమ్మడు


ఆగస్టు 7

అమ్మడూ,

నువ్వన్నట్టే అయింది. మిల్లులో అందరి పెదవులూ చదివినదాన్ని, ఆ గదిలో కళ్ళు తప్ప ఏమీ లేవు. ఒక నర్సు చేతి తొడుగుల అట్టపెట్టె మీద "ఇప్పుడు గుచ్చుతాం", "ఇప్పుడు కోస్తాం", "మీరు చాలా ధైర్యవంతులు" అని రాసి చూపించింది. మూడోది ప్రతివాళ్ళకీ చూపిస్తుందేమో, అక్షరాలు కాస్త చెరిగి ఉన్నాయి. గజ్జలో సూది వేసి ఒక్క కాలే మొద్దుబార్చారు. నేను మెలకువగానే ఉన్నాను. బొటనవేలంత ముక్క తీశారు. చూపించమని అడిగాను. ఎర్రటి పోగులు, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో జాగ్రత్తగా పేర్చినట్టు. ఆ పోగుల్ని గాజు పాత్రలో వేలాడదీసి, ఆ మత్తు గాలీ, కాఫీలో ఉండే మందూ తగిలించి బిగుసుకుంటాయేమో చూస్తారట. టైలరు బయట బల్లమీద కూర్చుని ఊరికే ఉండలేక ఎవరిదో ఆసుపత్రి గౌనుకి ఊడిపోయిన కుట్టు వేశాడు.

సాయంత్రం డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, నా కోసం మూతి గుడ్డ తీసేశాడు. మొహం చూడగానే తెలిసిపోయింది, చెడ్డ కబురు చెప్పబోయేవాడి మొహం. నెమ్మదిగా, పెదవులు బాగా కదుపుతూ అన్నాడు: "మీకు ఆ లోపం ఉందమ్మా. గట్టిగానే ఉంది. బాధపడకండి."

"అయితే మా తమ్ముడికి కూడా ఇదేనా?" అన్నాను.

"మీరు చెప్పిన లక్షణాలూ, ఈ పరీక్షా కలిపి చూస్తే ఇక అనుమానం లేదు. అదే."

"వాన వల్ల ఇది వస్తుందా?"

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. "వానేమిటమ్మా? ఇది పుట్టుకతో వస్తుంది. ఆ రోజు తడిసినా, తడవకపోయినా ఒకటే" అన్నాడు.

అమ్మడూ, నేను ఏడ్చాను. యాభై రెండేళ్ళలో ఎవరి ముందూ ఏడవలేదు, అదంతా అక్కడే ఏడ్చాను. జబ్బుందని భయపడుతున్నాననుకుని నర్సు నీళ్ళు తెచ్చింది, డాక్టరు నా భుజం పట్టుకున్నాడు. నేను నవ్వుతూ కూడా ఉన్నాను, దాంతో వాళ్ళు ఇంకా కంగారుపడ్డారు. టైలరు లోపలికి పరిగెత్తుకొచ్చి, "ఏం చేశారు ఆవిణ్ణి?" అని డాక్టరు మీదికి వెళ్ళాడు.

ఇక చేయాల్సిన పని. నెత్తురు పరీక్షతో నీకూ, పిడుగుకీ ఇది ఉందో లేదో తేలొచ్చట, దానికి నా నెత్తురు కూడా తీసుకున్నారు. తేలేదాకా ఇద్దరూ ఉన్నట్టే లెక్క. ఎవరు ఎక్కడ మత్తు ఇవ్వబోయినా ముందు ఈ మాట చెప్పు. మన రక్తం ఉన్నవాళ్ళందరికీ నేను ఉత్తరాలు రాస్తున్నాను, పెదనాన్న మనవలకీ, మేనత్త పిల్లలకీ, ముప్ఫై ఏళ్ళుగా పలకరించని వాళ్ళకీ. పదకొండు రాశాను, ఇంకా ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కటి కూడా "జ్వరమొచ్చి పోయాడు" అని మొదలవదు.

దీంతో పాటు పరీక్ష కాగితం పంపుతున్నాను, డాక్టరమ్మకి ఇవ్వు. అక్కణ్ణుంచి వచ్చేముందు డాక్టరు చేత ఇంకో చిన్న కాగితం కూడా రాయించుకున్నాను. "ఇది వానలో తడవడం వల్ల రాదు" అని రాసి, కింద సంతకం పెట్టి, నేను అడిగితే ఆసుపత్రి ముద్ర కూడా వేశాడు. ఆ కాగితం మాత్రం అడగకు. అది నాది.

మీ
అత్త